మంగతాయారు ఇంటి వాలు

చిట్టూరి మంగతాయారు ఇల్లు ఒరిగిందన్న సంగతిని ముందుగా బయటపెట్టింది దోశె. నిన్నటిదాకా పెనం మీద గుండ్రంగా పరుచుకున్న పిండి ఆ పొద్దున తూర్పువైపు బొద్దుగా, పడమటివైపు ఉల్లిపొరలా తేలింది. ఆవిడ పిండిని తిట్టింది, పెనాన్ని తిట్టింది, చివరికి పొయ్యి కాలి కింద ఒక పెంకుముక్క పెట్టింది. దోశె మళ్లీ గుండ్రమైంది. కొన్ని నెలలకు రెండో పెంకుముక్క కావలసివచ్చింది. అప్పుడు గానీ ఆవిడ వీధిలోకి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, తన ఇంటిని తేరిపార చూడలేదు. ఇల్లు ఎవరో పిలిచినట్టు వీధిలోకి తొంగిచూస్తోంది.

ఎవరు పిలిచారో ఊరందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట పగడాలరేవు మునిసిపాలిటీవాళ్లు భూగర్భ డ్రైనేజీ అని చెప్పి ఆ ఇంటి గోడ వారనే నిలువులోతు గొయ్యి తవ్వారు. సగం తవ్వాక గొట్టాలు రాలేదని చెప్పి వెళ్లిపోయారు. గొట్టాలు ఇప్పటికీ రాలేదు. వానాకాలం మాత్రం ఏటా తప్పకుండా వచ్చింది. గోతిలో నీళ్లు నిలిచి పునాది మెత్తబడింది.

ఆ వీధి పేరు వలందావీధి. మూడు వందల ఏళ్ల కిందట వలందావాళ్లు, అంటే హాలండు దొరలు, ఓడలేసుకుని వచ్చి ఇక్కడి నేతబట్టలు కొనుక్కుపోయేవారట. వాళ్ల గుర్తుగా ఊళ్లో మిగిలినవి రెండే రెండు. ఒకటి ఆ వీధి పేరు. రెండోది ఏటిగట్టు మీద నడుమెత్తు ఇటుకగోడ. దాని మీద జనం పిడకలు కొట్టుకుంటారు. మంగతాయారు ఇంటికీ వలందా దొరలకూ ఏ బీరకాయ పీచు చుట్టరికమూ లేదు. ఆవిడ మామగారు కొబ్బరిపీచు వ్యాపారంలో మిగిలినదానితో డెబ్బయ్యొకటిలో కట్టించిన ఒంటి అంతస్తు డాబా అది. మొగుడు బోటు మీద వేటకు పోతే నెలకు గానీ ఒడ్డెక్కడు. ముందుగదిలో దోశెల హోటలు, వెనకగదిలో కాపురం. ఆవిడకున్న ఆస్తి, నీడ, బతుకుతెరువు అన్నీ ఆ నాలుగు గోడలే.

శ్రావణమాసంలో మునిసిపాలిటీ కళ్లు తెరిచి నోటీసు పంపింది. 'మీ గృహము శిథిలావస్థకు చేరి పాదచారులకు ప్రమాదకరముగా పరిణమించినందున, ఈ నోటీసు అందిన పదిహేను దినములలో సదరు కట్టడమును బాగుచేయించుకొనవలెను. లేనిచో కూల్చివేయబడును.'

"గొయ్యి తవ్వింది మీరు, ఒరిగింది నా కొంప, పెమాదం పాదచారులకా?" అని మంగతాయారు నోటీసు తెచ్చిన బిల్లు కలెక్టరు మీద విరుచుకుపడింది. "లోపలున్నోళ్లం మడుసులం కాదేటయ్యా?"

బిల్లు కలెక్టరు సంతకం పెట్టించుకుని, ఒక దోశె తిని, తూర్పు ముక్క బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

తిట్టినంతసేపు తిట్టినా, ఆవిడ ఆ సాయంత్రమే సూరప్ప మేస్త్రిని పిలిపించింది. ఆ చుట్టుపక్కల ఒరిగిన ఇళ్లను జాకీలు పెట్టి లేపడంలో సూరప్పది అందెవేసిన చెయ్యి. అతను రసమట్టం గోడకు ఆనించి చూశాడు. గాజుగొట్టంలో బుడగ ఓ మూలకు పారిపోయింది.

"పన్నెండు రోజుల పనక్కా," అన్నాడు సూరప్ప. "జాకీలెట్టి లేపి, కింద పునాది గట్టిచేసి, ఆ గొయ్యి పూడ్చేద్దాం. కార్తీకం తుఫాను లోపల నిలబెడితే నీ మనవలు కూడా ఇక్కడే దోశెలేస్తారు. నిలబెట్టకపోతే మాత్రం, ఆ గాలికి పెనంతో సహా వీధిలో ఉంటావు. సెప్పలేదనకు."

మర్నాడు పొద్దున్నే జాకీలు దిగాయి. సరిగ్గా అదే పొద్దున మునిసిపల్ కమిషనరు ధనుంజయరావుగారు కూడా హాలండు నుంచి దిగారు.

ప్రభుత్వం ఆయన్ను డ్రైన్లు చూసి రమ్మని పంపింది. సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊళ్లు నీళ్లను ఎలా బయటికి తోస్తాయో పన్నెండు రోజులు నేర్చుకుని రావాలి. మొదటిరోజు హోటలు ముందు ఒక పొడుగాటి ఆవిడ ఎర్రగొడుగు ఎత్తిపట్టుకుని నడుస్తుంటే, వెనక ఇరవైమంది వెళుతున్నారు. అది డ్రైన్ల బృందమనుకుని కమిషనరుగారు ఆ వరసలో చేరారు. నిజానికి వాళ్లు పాత కట్టడాలు చూడటానికి వచ్చిన యాత్రికులు. సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. ఆయన మనసు పారేసుకున్నారు. పదకొండు రోజుల్లో ఇరవై రెండు నడకలు నడిచారు. కాలవల పక్కన ఇరుకిరుకు మేడలు, వందల ఏళ్లుగా వీధిలోకి ఒరిగి ఉన్నవి, వాటిని మెడలు పైకెత్తి చూస్తూ జనం నోళ్లు తెరవడం ఆయన చూశారు. డ్రైన్ల మీద ఆయన సమర్పించిన నివేదికలో ఒక్కటే వాక్యం ఉంది: 'అక్కడ ఉన్నవి.'

ఊళ్లో దిగిన గంటకే అత్యవసర సమావేశం జరిగింది. కమిషనరుగారు తనతో తెచ్చుకున్న ఎర్రగొడుగును బల్లమీద పెట్టి మాట్లాడారు.

"మనం ఇన్నాళ్లూ ఒరుగును లోపంగా పరిగణించాం. అది మన దృక్పథ లోపం. అభివృద్ధి చెందిన దేశాల్లో నిటారుగా ఉన్న కట్టడాన్ని ఎవరూ చూడరు. వలందా సంస్కృతికి వారసులమైన మనం, ఆ దిశగా ఒక సమగ్ర కార్యాచరణతో ముందుకు పోవలసి ఉంది. మన ఊళ్లో ఒరిగిన కట్టడాలెన్ని?"

"ఒక్కటే ఉందండి," అన్నారు టౌన్ ప్లానింగ్ ఆఫీసరు లేచి నిలబడి. "మొన్ననే బాగుచేయమని నోటీసిచ్చామండి."

కమిషనరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎంత అనర్థం జరిగి ఉండేది!" అన్నారు.

మంగతాయారు ఇంటి దగ్గర మొదటి జాకీ గోడ కిందకు పోతుండగా రెండో నోటీసు పరిగెత్తుకు వచ్చింది. 'సదరు కట్టడము వారసత్వ సంపదగా గుర్తించబడినందున, దాని ఒరుగును తగ్గించుట, సరిచేయుట, దానికి ఆసరా ఇచ్చుట, దానిని ఆనుకొని నిలబడుట శిక్షార్హము.'

గోడకు ఆనుకుని నిలబడి నోటీసు చదువుతున్న సూరప్ప ఉలిక్కిపడి ఇవతలికి జరిగాడు. జాకీలు బండెక్కాయి. మంగతాయారు పొయ్యి కింద మూడో పెంకుముక్క పెట్టింది.

వలందా వారసత్వ నడక ఆ సోమవారమే మొదలైంది. గైడుగా లోవరాజును వేశారు. లోవరాజు అంతకుముందు ఇరవై ఏళ్లు ఆటోలో మైకు పట్టుకుని మునిసిపాలిటీ ప్రకటనలు చదివినవాడు. అతనికి తెలిసిన భాష అదొక్కటే. ఎర్రగొడుగు ఎత్తి, మెడలో మైకు వేసుకుని, ఇరవైమంది పింఛనుదార్లను వెంటేసుకుని వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు.

"పగడాలరేవు పురప్రజలకు విజ్ఞప్తి! మీకు ఎదురుగా ఒరిగియున్న ఈ కట్టడము పదహారు వందల ఎనభై ఏడవ సంవత్సరములో వలందా దొరలచే నిర్మింపబడినది. కావున పురప్రజలు తలలు పైకెత్తి చూడవలెను. చూడనివారిపై తగు చర్య తీసుకొనబడును!"

మంగతాయారు గరిటెతో బయటికి వచ్చింది. "ఏరా లోవరాజూ, మా మావగారు దీనికి శంకుస్థాపన చేసినప్పుడు మీ నాన్న వచ్చి పులిహోర తినెళ్లాడు. దొరలెక్కడ కట్టార్రా?"

లోవరాజు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించాడు. "నాకు తెలీదేటి పిన్నీ? కాగితం మీద అలాగుంది. నన్నేం చెయ్యమంటావు?" మళ్లీ చెయ్యి తీసి, "కట్టడము లోపల నివసించుచున్న స్త్రీ వలందా పద్ధతిలో అట్లు పోయుచున్నది!" అన్నాడు.

పింఛనుదార్లు ఆ వలందా అట్లు తలా రెండు తిని వెళ్లారు. ముసలి పోస్టుమాస్టరొకాయన, ముప్ఫయ్యేళ్లుగా అక్కడే తింటున్నవాడు, ఇందులో ఇంత చరిత్ర ఉందని ఇన్నాళ్లూ తెలియక మామూలుగా తినేశానని బాధపడ్డాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. కమిషనరుగారికి రోజుకో రోకలి దొరికింది. జనం తమంతట తాము నడకకు రావడం లేదని తేలగానే, మునిసిపాలిటీలో ఏ పని కావాలన్నా నడక ముద్ర ఉండాలని ఉత్తర్వు వేశారు. కుళాయి కనెక్షనుకు ఒక నడక. జనన ధ్రువపత్రానికి రెండు నడకలు, బిడ్డను ఎత్తుకుని. మరణ ధ్రువపత్రానికి బంధువులు మూడు నడకలు నడవాలి. చనిపోయినవారికి మినహాయింపు ఇచ్చారు. దాంతో మంగతాయారు ఇంటిముందు తెల్లవారకముందే జనం. ఏడ్చే పిల్లలు, గుండు చేయించుకున్న కొడుకులు, పెళ్లి నమోదుకు వచ్చిన కొత్త జంటలు అందరూ తలలెత్తి ఆ గోడకేసి చూస్తారు. దోశెలకు బేరం పెరిగింది, కాదనడానికి లేదు. కానీ అంతమంది ఆ గోడ కింద నిలబడినప్పుడల్లా ఆవిడకు గుండెల్లో రాయి పడేది.

తర్వాత కొక్కెం వచ్చింది. హాలండులో మెట్లు మరీ ఇరుకు కాబట్టి, సామాను మేడమీదికి చేర్చడానికి ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికొక కొక్కెం ఉంటాయట. తాడు కట్టి కిటికీలోంచి లోపలికి లాగుతారట. మునిసిపాలిటీవాళ్లు మంగతాయారు డాబా మీద దూలం పాతి కొక్కెం తగిలించారు. ఇకమీదట ఇంట్లోకి వచ్చే సామానంతా దానిమీదుగానే రావాలన్నారు.

"నాకు మేడ లేదు గదయ్యా," అంది మంగతాయారు.

"అది మా దృష్టికి వచ్చింది," అన్నారు టౌన్ ప్లానింగ్ ఆఫీసరు. "అందుచేత సామాను పైకెత్తి, వారసత్వ విధానము పూర్తి అయిన పిమ్మట, మళ్లీ కిందికి దించి, తలుపులోంచి తీసుకెళ్లవచ్చును."

అప్పటినుంచి గ్యాసు బండ తెచ్చే అప్పన్న దాన్ని తాడుకు కట్టి డాబా ఎత్తుదాకా లాగేవాడు. అది గాలిలో రెండు చుట్లు తిరిగేది. నడకకు వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టేవారు. తర్వాత దించి, భుజాన వేసుకుని, మామూలుగా గుమ్మంలోంచి లోపల పెట్టేవాడు. మినపప్పు, బియ్యం, కొబ్బరికాయలు అన్నీ అంతే. ఒకనాడు పల్లీల చట్నీ గిన్నె కూడా ఊరేగింది.

మిగతా వీధి సంగతి మరీ కనాకష్టమైంది. నిటారుగా ఉన్న ఇళ్లవాళ్లందరికీ నోటీసులొచ్చాయి: 'మీ గృహము నిలువుగా ఉండి వీధి యొక్క వారసత్వ స్వభావమునకు భంగము కలిగించుచున్నది. మూడు మాసములలో ఒరుగవలెను.' లెక్కల మేష్టారొకాయన ఇంటిని ఒరిగించలేక, వీధి గేటును ఒరిగించి, తాత్కాలికంగా దాన్నే స్వీకరించమని అర్జీ పెట్టుకున్నాడు. కిరాణాకొట్టాయన బోర్డును వాల్చాడు. తనిఖీ వచ్చినప్పుడు కొందరు ఇంటిముందు తామే ఒక పక్కకు ఒరిగి నిలబడ్డారు. ఆఫీసరు వాళ్లను మెచ్చుకుని, పౌరస్పృహ అంటే ఇదేనని రాసుకున్నారు.

భాద్రపదంలో పెద్దవాన ఒకటి కురిసింది. మంగతాయారు ఇంటి వీధిగోడ బొటనవేలు పట్టేంత బీట తీసింది. ఆవిడ నాలుగో పెంకుముక్క పెట్టబోయి ఆగింది. భయమేసింది. పిండికుండ ముందు కూర్చుని, ఎవరూ చూడకుండా, కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, సోమవారం అర్జీల రోజున తిన్నగా కమిషనరుగారి ముందు నిలబడింది.

"బాబూ, నాకు దోశెల బేరం పెంచమని అడగట్లేదు. గోడ పగిలింది. మేస్త్రిని రానివ్వండి. అది పడిపోతే ఏం గతండీ?"

కమిషనరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పడిపోతే అది శిథిల వారసత్వం అవుతుందమ్మా. దానికి విడిగా పద్దు ఉంది. మీరు ఆ విషయమై దిగులుపడనవసరం లేదు."

"నా దిగులు మీ పద్దు గురించి కాదండీ. నా నెత్తి గురించి."

"వ్యక్తిగత నెత్తులు వారసత్వ పరిధిలోకి రావు," అన్నారు టౌన్ ప్లానింగ్ ఆఫీసరు, నిబంధనల పుస్తకం తిరగేసి.

మంగతాయారుకు ఒళ్లు మండింది. "వీధిలో ఇళ్లన్నీ ఒరగాలన్నారు. వీధి ఈ చివర మీ ఆఫీసు కూడా ఉంది గదండీ! మరిదేంటి, ఇస్త్రీ చేసినట్టు తిన్నగా నిలబడింది? దీనికి నోటీసు ఎవరిస్తారండీ?"

గుమస్తాలు ఆవిడ పని అయిపోయిందనుకున్నారు. కానీ కమిషనరుగారు మెల్లగా లేచి, తన గది గోడను అరచేత్తో తడిమారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీపం కిందే చీకటి అంటే ఇదే," అన్నారు. "ప్రజలకు చెప్పేముందు ప్రభుత్వం ఒరిగి చూపించాలి."

ఆవిడ అర్జీని మాత్రం ఎవరూ తీసుకోలేదు. అది బల్లమీదే ఉండిపోయింది.

ఆఫీసును ఒరిగించడం అనుకున్నంత తేలిక కాలేదు. ఇంజనీర్లు ముగ్గురూ తల పట్టుకున్నారు. కట్టడం ఒరగకుండా ఎలా చూడాలో కాలేజీలో చెప్పారు గానీ, కావాలని ఒరిగించడం సిలబస్సులో లేదన్నారు. అప్పుడు రికార్డుగదిలోంచి ముసలి గుమస్తా ఒకడు దుమ్ము దులిపి ఒక ఫైలు తెచ్చాడు. అది నాలుగేళ్లనాటి డ్రైనేజీ ఫైలు. ఏ గొయ్యి ఎంత లోతు తవ్వితే, ఎన్నాళ్లు వదిలేస్తే, మంగతాయారు ఇల్లు ఎంత ఒరిగిందో అందులో తేదీలతో సహా ఉంది. ఆవిడ నాలుగేళ్లుగా మొత్తుకున్నా ఒప్పుకోని సంగతి మునిసిపాలిటీ ఆ రోజు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. కాకపోతే తప్పుగా కాదు, సాంకేతిక పరిజ్ఞానంగా.

అదే కాంట్రాక్టరును పిలిపించారు. అతను ఆఫీసు గోడ వారన నిలువులోతు గొయ్యి సగం తవ్వి, అలవాటు ప్రకారం వెళ్లిపోయాడు. ఈసారి అతన్ని సన్మానించారు. వానలు కూడా సహకరించాయి. దసరా నాటికి పగడాలరేవు మునిసిపల్ కార్యాలయం రెండు జానలు ఒరిగింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని సామెత ఉంది గానీ, కొబ్బరికాయ కొట్టి మరీ పడటం ఇక్కడే జరిగింది.

లోపల కొన్ని మార్పులు వచ్చాయి. కమిషనరుగారి కుర్చీకి చక్రాలున్నాయి. ఆయన సంతకం మొదలుపెట్టిన చోట ముగించేవారు కాదు, ముగించేసరికి కిటికీ దగ్గర ఉండేవారు. అందుకని తాడు తెప్పించి కుర్చీని బల్లకు కట్టించుకున్నారు. బల్లల మీద ఫైళ్లు మెల్లగా జారి తూర్పుగోడ దగ్గరికి చేరాయి. ఆ మునిసిపాలిటీలో ఫైళ్లు కదలడం అదే మొదటిసారి.

ఆశ్వయుజంలో ప్రారంభోత్సవం పెట్టారు. కమిషనరుగారు హాలండులో ఏ ఎర్రగొడుగు వెనక నడిచారో ఆ పొడుగాటి ఆవిడనే ముఖ్య అతిథిగా పిలిపించారు. ఆవిడ పేరు మార్లీస్. ఇరవై ఏళ్లుగా తన ఊరి పాత మేడలను జనానికి చూపిస్తున్న మనిషి. నడక వంతెన దగ్గర మొదలై, మంగతాయారు ఇంటిమీదుగా, చివరికి ఆఫీసు దగ్గర ముగియాలి. అక్కడ షామియానా, సన్నాయి, దండలు, విలేకరులు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

మంగతాయారు ఇంటిముందుకు రాగానే లోవరాజు మైకు ఎత్తాడు. మార్లీస్ మాత్రం వినడం లేదు. గోడకేసి చూసింది, గోతికేసి చూసింది, బీటలో వేలుపెట్టి చూసింది. ఆమె మొహం పాలిపోయింది. రెండు చేతులూ చాపి జనాన్నంతా కోళ్లను అదిలించినట్టు ఎదుటి అరుగు మీదికి అదిలించింది. తర్వాత కమిషనరుగారితో గబగబా ఇంగ్లీషులో, మా ఊళ్లో ఇలా అయితే ఆ గంటే మనుషుల్ని బయటికి తెచ్చి పునాది చూస్తాం, మా మేడలు మేం ఒరగబెట్టుకున్నవి కావు, పడిపోకుండా వందల ఏళ్లుగా కాపాడుకుంటున్నవి అని చెప్పింది.

"ఏమంటున్నారండీ?" అని అడిగారు విలేకరులు.

"నోట మాట రావడం లేదంటున్నారు," అని తర్జుమా చేశారు కమిషనరుగారు.

మంగతాయారుకు ఇంగ్లీషు రాదు. కానీ మార్లీస్ మొహంలో కనపడ్డ భయం తన భయమేనని ఆవిడకు ఇట్టే తెలిసిపోయింది. రెండు నెలల్లో ఆ గోడను చూసి భయపడిన మొదటి మనిషి ఆమె. అందుకే ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి వేడివేడి దోశె, అల్లప్పచ్చడి పెట్టింది. మార్లీస్ తింది. మరోటి తింది. చెమటలు కారుతుండగా మూడోది తింది. విలేకరులు చుట్టూ మూగి ఫొటోలు తీసుకుని, వాళ్లూ తినడం మొదలుపెట్టారు. ఈలోగా ఆకాశం మూసుకొచ్చి వాన దంచింది. ఆఫీసు ముందు షామియానా నీళ్లతో నిండి కూలింది. రెండు జానలు ఒరిగిన కార్యాలయాన్ని చూడటానికి ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు పేపర్లలో మార్లీస్, దోశె, మంగతాయారు, వెనక ఒరిగిన ఇల్లు కనిపించాయి. ఆఫీసు ఊసే లేదు.

"కమిషనరుగారు అలిగారు పిన్నీ," అన్నాడు లోవరాజు ఆ పొద్దున దోశె ముక్క తుంచుతూ. "నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదంట. ప్రోటోకాలంటే పెద్దోళ్లు ముందుండాలి, సిన్నోళ్లు ఎనకుండాలి గదా! నీ కొంప ముందొచ్చి ఆఫీసు ఎనకొచ్చిందని ఆయన బాధ."

మంగతాయారు చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమన్నావ్? ఇంకోసారి సెప్పు."

లోవరాజు మళ్లీ చెప్పాడు. ఆవిడ అతనికి మరో దోశె ఊరికే వేసింది. రెండు నెలలుగా రోజూ మైకులో విని విని మునిసిపాలిటీ భాష ఆవిడకు కంఠతా వచ్చేసింది. సోమవారంనాడు పట్టుచీర కట్టుకుని, ఒరిగిన మెట్లు జాగ్రత్తగా ఎక్కి, కొత్త అర్జీని కమిషనరుగారి చేతికిచ్చింది.

'అయ్యా, మునిసిపల్ కార్యాలయము ఘనముగా రెండు జానలు ఒరిగియుండగా, అట్లు పోసుకొను నాబోటి దాని కొంప జానెడున్నర ఒరిగి దానికి పోటీగా నిలబడుట ప్రోటోకాలుకు భంగకరము. పెద్దల ముందు నా కొంప తలవంచుకొనుట చాలును, ఒరుగుట తగదు. కావున దానిని వారసత్వము నుండి తొలగించి, నా హోదాకు తగినట్లు ఉంచవలసినదిగా ప్రార్థన.'

కమిషనరుగారు మూడుసార్లు చదివారు. "ఇంతటి సంస్కారం ఈ ఊళ్లో ఉందని నేను అనుకోలేదమ్మా," అని, కాగితం జారిపోయేలోపు సంతకం పెట్టేశారు.

వారసత్వం కాని కట్టడం ఒరిగి ఉంటే నిబంధన ప్రకారం అది శిథిలావస్థ. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఆ పూటే కొత్త నోటీసు పంపారు. పదిహేను దినములలో బాగుచేయించుకొనవలెను, లేనిచో కూల్చివేయబడును. పాతదానికీ దీనికీ తేదీ తప్ప తేడా లేదు. బిల్లు కలెక్టరు కిందటిసారి తిట్లు గుర్తొచ్చి, దాన్ని గుమ్మంలో పెట్టి పారిపోబోయాడు. మంగతాయారు పరిగెత్తి పట్టుకుంది. నోటీసును కళ్లకద్దుకుని, దేవుడి పటం దగ్గర పెట్టి, పసుపూ కుంకుమా వేసింది. అతనికి నేతి దోశె పెట్టి, నోట్లో మైసూరుపాకు కుక్కింది. శిథిలావస్థ నోటీసుకు మిఠాయి పంచిన మనిషిని అతను ఉద్యోగంలో చేరాక చూడలేదు.

సూరప్ప జాకీలతో గంటలో దిగాడు. పన్నెండు రోజులన్నవాడు పదకొండు రోజుల్లో ముగించి, గొయ్యి పూడ్చి, రసమట్టం గోడకు ఆనించాడు. బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చి నిలబడింది. మంగతాయారు పొయ్యి కాలి కింద పెంకుముక్కలు మూడూ తీసి వీధిలోకి విసిరింది. మూడోరోజున తుఫాను వచ్చింది. పగలంతా ఈదురుగాలి ఊగించింది. ఇల్లు కిక్కురుమనలేదు. ఆఫీసుకు సెలవు కాబట్టి లోపల ఎవరూ లేరు. అది మాత్రం మరో జానెడు ఒరిగింది.

గాలి తగ్గిన మర్నాడు కమిషనరుగారు హోటలుకు వచ్చారు. ఆయన చొక్కా తడిసి ఉంది, ఒక భుజం కాస్త దిగి ఉంది. నెల రోజులుగా ఒరిగి కూర్చోవడం అలవాటై, సమంగా ఉన్న బెంచీమీద ఆయనకు కుదురు చిక్కలేదు. మంగతాయారు దోశె వడ్డించింది. అది చందమామలా ఉంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"మేస్త్రీ," అన్నారు చివరికి, పక్క బెంచీ మీద టీ తాగుతున్న సూరప్పతో. "మా ఆఫీసును నిలబెట్టాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

"నెల్రోజులండి. మరి మీకు నోటీసొచ్చిందా బాబూ?"

"నాకెవరిస్తారయ్యా నోటీసు? ఇవ్వవలసింది నేను."

"నోటీసు లేకుండా వారసత్వం మీద చెయ్యేస్తే శిక్షంట గదండీ," అన్నాడు సూరప్ప ఇబ్బందిగా. "మీరే సంతకం పెట్టారు. ఆనుకుని నిలబడితేనే పట్టుకెళ్లిపోతారంట."

కమిషనరుగారు దోశె ముక్క తుంచారు. ఆయన చూపు కిటికీలోంచి వీధి దాటి, ఆఫీసుకు ఎదురుగా కొత్తగా కట్టిన ఆర్డీవో కార్యాలయం మీద పడింది. అది రెండంతస్తుల భవనం. హోదాలో మునిసిపాలిటీ కంటే పెద్దది. తుఫానుకు కూడా చెక్కుచెదరకుండా నిటారుగా నిలబడి ఉంది. దోశె ముక్క ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా," అన్నారు నెమ్మదిగా, "ఆ ఆర్డీవో ఆఫీసు పక్కన నేల మెత్తగా ఉంటుందా?"

మంగతాయారు పెనం మీద నీళ్లు చిలకరించింది. "నాకేం తెలుసండీ బాబూ," అంది. "సోమవారం అర్జీ పెట్టుకోండి."